ఈలలు పడ్డ సీను

పకోడీల పిండిలో చెయ్యి ఉండగానే ముందు గదిలోంచి అప్పలరాజు కేకేశాడు. "ఒలే రజనీ, మన సినిమా మొదలైపోనాది. పకోడీలు ఎంతవరకొచ్చాయే?"

మన సినిమా! ఆ మొగుడికీ పెళ్లానికీ ఉమ్మడిగా ఉన్న ఆస్తి అదొక్కటే. ఎప్పటిదో పాత బొమ్మ. ఎవరో శుభ్రం చేసి, కొత్త ప్రింటులా నెట్‌లో పెట్టారు. కొత్త టీవీలో చూద్దామని అప్పలరాజు ఉక్కు ప్లాంటులో తనతో కాంట్రాక్టు పని చేసే పైడిబాబునీ, ఇంకో ఇద్దర్నీ టాటానగర్ భుయ్యాడీహ్ బస్తీ‌లోని తన రెండు గదుల ఇంటికి పిలిచాడు. ఆదివారం కదా. వారమంతా మాంగో బజార్లో బట్టల కొట్లో నిలబడే రజనికి ఆదివారం పొయ్యి దగ్గర నిలబడే రోజు.

ఆ సినిమాలో ప్రతి మాటా రజనికి కంఠతా వచ్చు. కానీ ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు. విన్నది, అంతే.

చిన్నప్పుడు టాటానగర్ రైల్వే క్వార్టర్లలో తెలుగోళ్లంతా చందాలేసుకుని దసరా పూజలకి వీసీఆర్ అద్దెకి తెచ్చేవారు. క్యాసెట్టు మాత్రం అదొక్కటే, శ్రీకాకుళం నుంచి ఎవరో రైల్లో తెచ్చింది. ప్రతి ఏడూ అదే. రజని తండ్రి తవిటయ్య ఇంట్లో ఆట. ఇల్లు వాళ్లది గనక బజ్జీలు వాళ్లవి. పెద్దకూతురు గనక పొయ్యి రజనిది. గోడకి అటు సినిమా, ఇటు రజని. చూడొద్దని ఎవరూ అనలేదు. అంత దుర్మార్గులు కాదు పాపం! "ఆ వాయి దింపేసి వచ్చి కూకోయే" అన్నారు. ఒక వాయి దింపితే ఇంకో వాయి. నలుగురు మగాళ్లు కూచున్న ఇంట్లో బజ్జీలు అయిపోవడం ఎక్కడైనా ఉందా?

అందులో ఆమె ప్రాణం పెట్టుకున్న సీను ఒకటుంది. హీరోయిన్ మిల్లు యజమాని కూతురు. హీరో ఇంటికొచ్చి ఏదో నీతి చెబుతాడు. "నేనెవరో తెలుసా నీకు? నీలాంటివాళ్లు నా గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడతారు!" అంటుంది ఆ పిల్ల. ఆ వెంటనే ఛెళ్లుమని దెబ్బ. గదంతా ఈలలు. నాన్న ఈల, బాబాయి ఈల, పక్క క్వార్టరు మామయ్య ఈల. వంటింట్లో రజని గరిటె పట్టుకుని కళ్లు మూసుకునేది. ఆ పిల్ల చెయ్యి లేచేది. వాడి చెంప పేలేది. దెబ్బకన్నా ఈలలే ఆమెకి ఆశ్చర్యం. ఆడది కొడితే మెచ్చుకునే మగాళ్లు మా ఇంట్లోనే ఉన్నారే అని ఒళ్లు పొంగిపోయేది. తర్వాత హీరోయిన్ గొంతు మెత్తబడేది. గెలిచినవాళ్లు మెత్తగానే మాట్లాడతారులే అనుకుంది. ఎవర్నీ అడగలేదు. తెలుసనుకున్నదాన్ని ఎవరు అడుగుతారు?

పెళ్లిచూపుల్లో అప్పలరాజు ఆ సినిమా పేరే చెప్పాడు. "అందులో సెంపదెబ్బ సీను ఉంటాది సూడండి, ఎన్నిసార్లు సూసినా ఈలేత్తాను." రజని అప్పుడే తలూపేసింది. ఇంకేం చూడాలి మనిషిలో?

కొట్లో యజమాని "ఏ మద్రాసీ" అని పిలిచిన రోజున ఆ హీరోయిన్ చెయ్యి తన భుజంలో కదిలింది. "నాకు పేరుంది" అని ఎదురు చెప్పింది కూడా. ఇంట్లో మాత్రం ఆ చెయ్యి కదల్లేదు. హేమ కడుపులో ఉండగా కూరలో ఉప్పెక్కువైందని అప్పలరాజు కొట్టాడు. ఆ తర్వాతా కొట్టాడు. తాగాడులే, కాంట్రాక్టు పోయిందిలే, ఆ సీనుకి ఈలేసే మనిషి కదా అని తనే సర్దుకుంది. "మొగోడన్నాక సెయ్యి లేత్తాది" అని అత్త జోగమ్మ అంటే, "మీ అబ్బాయి అలాటోడు కాదత్తా" అని వెనకేసుకొచ్చింది! కొట్టించుకున్నదే వకాల్తా పుచ్చుకుంది.

ఇప్పుడు గోడ అవతల హీరో మెట్లెక్కుతున్న సంగీతం మొదలైంది. రజనికి ఉన్నట్టుండి తిక్క రేగింది. నలభై ఏళ్లొచ్చాయి. తనకిష్టమైన సీను తను ఎప్పుడు చూస్తుంది? బాణలి అలాగే వదిలేసి, పిండి చేత్తోనే ముందు గదిలోకొచ్చి నిలబడింది.

"నువ్వొచ్చీసినావేటి? పకోడీలెవలు సూత్తారు?" అన్నాడు అప్పలరాజు. మూల ఫోను చూసుకుంటున్న కూతురి వైపు తిరిగాడు. "హేమా, ఎల్లు, పకోడీలు సూడు."

"అచ్ఛా పప్పా." పదహారేళ్ల హేమ లేచి వంటింట్లోకి వెళ్లింది.

"నేనెవరో తెలుసా నీకు?" అంది తెర మీద పిల్ల. రజని పెదాలు ఆమెతో పాటు కదిలాయి. నా గుమ్మంలో, చెప్పులు విప్పి...

చెయ్యి లేచింది. హీరోది.

ఆ పిల్ల చెంప పట్టుకుని కింద పడింది. పైడిబాబు ఈలేశాడు. అప్పలరాజు రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని మరీ వేశాడు. పడ్డ పిల్ల నీళ్లు నిండిన కళ్లతో హీరో కాళ్ల వైపు చూసింది. అదీ ఆమె గొంతు మెత్తబడడం.

వంటింట్లోంచి హేమ అరిచింది. "మమ్మీ! ఏక్‌దమ్ మస్త్! హీరోయిన్ కొట్టేసింది కదా?"

గది ఘొల్లుమంది. "పిచ్చి మొకం" అన్నాడు పైడిబాబు.

రజని నవ్వలేదు. మొగుణ్ణి అడిగింది. "పెళ్లిచూపుల్లో నువ్వు సెప్పిన సీను ఇదేనా?"

"ఇదేగదే. మరేటనుకున్నావు?"

నిజమే. అతను ఒక్క అబద్ధం ఆడలేదు. మొదటి రోజే, పెద్దల ముందు, తనేమిటో చెప్పేశాడు. తనే గోడ ఇవతల నుంచి విన్నది.

వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆపేసింది. హేమని చెయ్యి పట్టి తీసుకొచ్చి, పైడిబాబుని జరగమని, సోఫా మధ్యలో కూచోబెట్టింది. రిమోటు తీసుకుని సీను వెనక్కి తిప్పింది.

"ఏటే ఇది? పకోడీలో?"

తెర మీద మళ్లీ చెయ్యి లేచింది, మళ్లీ దెబ్బ పడింది. హేమ నోరు తెరిచి చూసింది.

"ఆగిపోనారేటి? ఎయ్యండి ఈల," అంది రజని. "ఎవలెవలు ఏత్తారో నా కూతురు సూసుకుంటాది."