పడుకుని చూపించే పని

పగటిపూట ఆవిడ నడుం వాల్చడమంటూ జరిగితే, అది నలుగురూ చూస్తుండగానే. షెడ్డులో కొత్త మంచం బిగించడం అయిపోగానే బావగారు కుట్టుమిషను దగ్గరికి వచ్చి, ఒకసారి వచ్చి పడుకుని చూపించమ్మా అంటారు. ఆవిడ ఒళ్ళోని దారప్పోగులు దులుపుకుని, చెప్పులు బండి మెట్టు దగ్గర విడిచి, లోపలికెళ్ళి వెల్లకిలా పడుకుంటుంది. కొనడానికొచ్చిన వాళ్ళు చూస్తారు. రెండు నిమిషాలయ్యాక లేచి వచ్చి మళ్ళీ మిషను తొక్కుతుంది.

ఆ షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ, బావగారిదీ ఆవిడ మొగుడిదీ. మామూలు వ్యాను తెచ్చి, లోపల పొయ్యి, సింకు, అలమరలు, పడక అన్నీ అమర్చి, మోటార్ హోమ్ చేసి ఇస్తారు. అంత ఇరుకులో పడకగదికి చోటెక్కడిది? అందుకని మడత మంచం. పగలంతా గోడకి ఆనుకుని అలమర తలుపులా నిలబడి ఉంటుంది. గొళ్ళెం తీసి పట్టీ లాగితే మెల్లగా దిగుతుంది, పొద్దున్నే ఎత్తి నొక్కితే గోడలో కలిసిపోతుంది. పరుపు కోసేదీ, గలీబు కుట్టేదీ ఆవిడే. మీ ఆవిడేం చేస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం ఆయన, ఇంట్లోనే ఉంటుందండీ, ఖాళీగా ఉన్నప్పుడు ఇటొచ్చి కూర్చుంటుంది అంటాడు. ఆ ఖాళీ అనేది ఎలా ఉంటుందో ఆవిడకి పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఎదురుపడలేదు.

పడుకోవడం కూడా ఒక పనేనా అంటారేమో. కళ్ళు మూసుకోకూడదు, మూసుకుంటే నిద్రపోయిందని నవ్వుతారు. ఒళ్ళు పరుపుకి ఆనిందో లేదో, బుర్రలో పరుగు మొదలవుతుంది. పాలు మూత పెట్టానా, తీగ మీద బట్టలకి వాన తగులుతుందా, అత్తగారికి పదకొండింటి మాత్ర ఎవరిచ్చారు. అరికాళ్ళు వాటంతటవే దిగడానికి చూస్తుంటాయి. ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు జ్వరంతో ఏడింటిదాకా లేవలేదని అత్తగారన్న మాట ఒకటుంది. పక్క వెచ్చబడేదాకా పడుకునే కోడల్ని మా వంశంలో ఎరగం అని. అప్పట్నుంచీ ఏ పక్క వెచ్చబడినా ఆవిడకి దొంగతనం చేసినట్టే ఉంటుంది.

ఈసారి మంచం ఒక రిటైరైన స్టేషను మాస్టారిది. కిటికీ పెద్దది కావాలన్నారని మంచాన్ని జానెడు ముందుకు జరిపారు. మంచం వాల్చి ఉండగా పొయ్యి వెలిగించి చూడాలని అన్నదమ్ములకి తోచలేదు. తోచింది ఆవిడకి. మంచం కిందికి వాలిస్తే పొయ్యి ముందు కాలు పెట్టే చోటు లేదు. పైగా ఒకవైపు గోడ. గోడవైపు పడుకున్న మనిషి లేవాలంటే బయటివైపు మనిషి ముందు లేవాలి, మంచం ఎత్తాలి, అప్పుడుగానీ టీ నీళ్ళు పడవు. రెండు రోజుల కిందట ఆ మాటే మొగుడికి చెబితే ఆయన నవ్వాడు.

"పడుకున్నవాళ్ళకి పొయ్యితో పనేంటే?"

బావగారు నవ్వలేదు. విప్పి మళ్ళీ బిగించాలంటే నెల పడుతుంది, నువ్వు నోరు కదపకుండా పడుకుని చూపించి వచ్చెయ్యమ్మా అన్నారు.

మాస్టారు దంపతులొచ్చారు. ఆవిడ పడుకుంది. మాస్టారు గుమ్మంలో నిలబడి అన్నదమ్ములతో కప్పు గురించి మాట్లాడుతుండగా, ఆయన భార్య చెప్పులు విడిచి తనూ ఎక్కేసింది. ఈ పెద్దావిడ గోడవైపు జరిగి సర్దుకుని, కొలత చూసుకుంటున్నట్టు చేతులు చాపి, చిన్నగా అడిగింది.

"నేను అయిదింటికే లేస్తానమ్మా. ఇందులోంచి దిగేదెలా?"

ఇక చూడండి ఆవిడ అవస్థ. గుమ్మంలోంచి బావగారి చూపు సూదిలా వచ్చి గుచ్చుకుంటోంది. చెబితే బేరం చెడుతుంది, రాత్రి భోజనాల దగ్గర అత్తగారితో సహా ముగ్గురూ కలిసి వాయిస్తారు, ఏడాది పొడుగునా దెప్పుతారు. చెప్పకపోతే ఈ పెద్దావిడ ఏ ఊరి పొలిమేరలోనో, తెల్లారకుండానే మెలకువొచ్చి, గోడకీ మొగుడికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఆ ఇరుకుకి పరుపు కోసిన చేతులు తనవే.

"దిగలేరు పిన్నిగారూ," అంది. "బాబాయిగారు లేచి మంచం ఎత్తాలి. అప్పటిదాకా మీరు పొయ్యి దగ్గరికి వెళ్ళలేరు."

"అంటే ఆయన లేచేదాకా..."

"మీరు పడుకునే ఉండాలి."

గుమ్మంలో మాటలు ఆగిపోయాయి. పెద్దావిడ కప్పు వైపు చూసింది. లెక్క చెబుతున్నట్టు కాదు, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది. ఆయనకి తెల్లవారి డ్యూటీ అయితే ఆయన కంటే ముందు లేచేదట. రాత్రి డ్యూటీ అయితే ఆయన వచ్చేలోపు లేచేదట. రిటైరయ్యాక డ్యూటీ ఆయనకే పోయిందట. ఆ మాట అంటూనే పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏవండీ, ఇది ఇలాగే ఉండనివ్వండి. అంగుళం జరిపినా నాకు వద్దు."

మరి పొద్దున్నే టీ ఎలాగే అని మాస్టారు అడిగారు పాపం, నిజంగానే తెలియక. లేచాక చూసుకోండి అంది ఆమె గోడతోనే. బావగారు ముందు నవ్వేశారు, ఊపిరి పీల్చుకుని. ఆవిడ మొగుడు మాత్రం ఇంటికొస్తూ దారిపొడుగునా సణిగాడు, అదృష్టం బాగుండి గట్టెక్కాం కానీ నీ నోటికి తాళం వెయ్యాలి అని. ఆవిడకి ఆ మాటలు సగమే చెవినపడ్డాయి. ఆ పెద్దావిడ అలా ఒత్తిగిలినప్పుడు పక్కన తానూ ఉంది. కాసేపు, ఎంతసేపో తెలియదు, పాలూ బట్టలూ మాత్రలూ ఏవీ గుర్తురాలేదు. కాళ్ళు కదలలేదు.

సాయంత్రం దుప్పటి మారుస్తూ, ఇన్నేళ్ళూ గుమ్మం వైపు ఉండే తన దిండు తీసి గోడవైపు వేసింది. సెల్‌ఫోను చూసుకుంటున్న ఆయన తలెత్తాడు.

"అటేసుకున్నావేంటి? పొద్దున్నే లేవాలంటే నన్ను లేపాల్సొస్తుంది."

ఆవిడ దుప్పటి అంచు పరుపు కిందికి దోపి, చేత్తో ఒకసారి సాపు చేసింది.

"లేపనులెండి," అంది. "మీరు లేచాకే లేస్తాను."