నోట్‌బుక్‌లో ఎక్కని అడ్రస్

దేవిక ఉదయం తొమ్మిదిన్నరకు ఆఫీసు తాళం తీస్తుంది. సూర్యాపేట కొత్త బస్టాండు వెనక, జిరాక్స్ షాపు పైన, పద్నాలుగు మెట్లెక్కితే వచ్చే గది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వార్తల వెబ్‌సైట్ అక్కడినుంచే నడుస్తుంది. వార్తలు రాసేవాళ్లు వేరే. దేవిక రాసేది ప్రతి పేజీ వెనక, చదివేవాళ్లకు కనిపించకుండా ఉండే నాలుగైదు లైన్లు. వాటిని మెటా ట్యాగులంటారు. నెట్‌లో ఎవరైనా వెతికినప్పుడు ఏ పేజీ ముందు రావాలో వాటిని బట్టి కూడా తేలుతుంది. శీర్షిక అరవై అక్షరాల్లోపు, వివరణ నూట అరవైలోపు. జనం "కోదాడ మిర్చి ధర" అని వెతుకుతారు కనుక "మిరప విపణి సమీక్ష" అని రాయకూడదు.

ఇంకో ట్యాగు ఉంది, నోఇండెక్స్. అది పెడితే పేజీ ఉంటుంది కానీ వెతికితే దొరకదు. దేవిక పెడితే, పేజీలో ఉన్న సంగతి కూడా ఊళ్లో ఎవరికీ దొరకదు. నిరుడు కోదాడలో ఒక కొత్త ఫంక్షన్ హాలు యజమాని, ప్రారంభ ముహూర్తం దాకా ఎవరి కంటా పడొద్దని హాలు పేజీకి ఆ ట్యాగు పెట్టించుకున్నాడు. తీయడం రెండు రోజులు ఆలస్యమైంది. మొదటి పెళ్లివారి బస్సు బైపాస్ మీద ఆరుసార్లు తిరిగింది. చివరికి పెట్రోల్ బంకులో తలంబ్రాలు పోయించారు. ఎవరూ గొడవ చేయలేదు. "ట్యాగు తియ్యలేదంట" అనుకుని భోజనాలు చేశారు.

పెట్టిన తనకూ దొరకదు కాబట్టి, అలాంటి పేజీ అడ్రస్‌ను దేవిక ముందే నోట్‌బుక్‌లో రాసుకుంటుంది.

మార్చిలో మిర్యాలగూడలో వీరేశం రైస్‌మిల్లులో బాయిలర్ పేలింది. కోదాడ దగ్గరి అనంతగిరి నుంచి వచ్చి పనిచేసే అచ్చయ్య చనిపోయాడు. మిల్లు పేరుతో సహా వార్త ఆ రోజే వచ్చింది. మరుసటి వారం వెబ్‌సైట్ పైభాగంలో వీరేశం మిల్లు సన్నబియ్యం ప్రకటన వచ్చింది. ఆ పొద్దునే ఎడిటర్ హరీష్ దేవిక టేబుల్ దగ్గర నిలబడ్డాడు.

"ఆ బాయిలర్ వార్త ఉంది సూడు."

"తీసెయ్యాల్నా సార్?"

"తీసేస్తే మనం పత్రికోళ్లం ఎట్లయితం? ఉండనియ్. దొరకకుండ చెయ్, సాలు."

దేవిక అడ్రస్ రాసుకుని ట్యాగు పెట్టింది. ఒక నిమిషం పట్టింది.

విచారణాధికారి మూడుసార్లు మిల్లుకు వెళ్లాడు. పేలిన చోటు దొరక్క మూడుసార్లూ టీ తాగి వెనక్కి వచ్చాడు. దవాఖాన రిజిస్టర్‌లో అచ్చయ్య పేరున్న వరుస మీదికి ఎవరి చూపూ పోలేదు.

ఏప్రిల్ చివర అచ్చయ్య భార్య నాగరాణి మెట్లెక్కి వచ్చింది.

"ట్యాగులు పెట్టేది నువ్వేనా బిడ్డా?"

"నేనే. కూసో అక్కా."

"కూసునుడెందుకు. మా ఆయన మిల్లులనే సచ్చిండని కాయితం కావాలె. ఆఫీసుకు పోతే ఎవలు సచ్చిండ్రు అంటున్నరు. మిల్లోళ్లు అసొంటోడు మా తాన పన్జెయ్యనే లేదంటున్నరు. అదన్న పోనియ్. ఆయనను పూడ్సిన బొంద దొరుకుతలేదు. మా చెల్కలనే పెట్టినం, బోరు పక్కన. నెల సంది పోతున్న. బోరున్నది, బొంద లేదు."

"ట్యాగు తియ్యాలంటే సార్ ఒప్పుకోవాలె అక్కా."

"అడిగినవా?"

దేవిక నోట్‌బుక్‌ను టేబుల్ అంచుకు సరిగ్గా జరిపింది.

"అడగలే," అంది నాగరాణి. "నీ నౌకరి నీది. నేనేం తప్పు పడ్తలేను. అయితే గా ట్యాగు నాకు గూడ పెట్టు. ఆయన ఏడున్నడో గాడికి నేనే పోత. దీనికైతే మీ సార్ ఒప్పుకోవుడు అక్కర్లేదు గద?"

అక్కర్లేదు. దేవిక ఆలోచించింది అదొక్కటే. తీస్తే ఉద్యోగం పోతుంది, పెడితే ఏమీ పోదు. నాగరాణి పేరు, ఊరు, భర్త పేరుతో చిన్న పేజీ చేసి ట్యాగు పెట్టింది. నోట్‌బుక్‌ను హరీష్ రోజూ తిరగేస్తాడు. అందుకని అడ్రస్ అందులో రాయలేదు.

"సల్లగుండు బిడ్డా," అని నాగరాణి మెట్లు దిగింది. చెప్పుల చప్పుడు తొమ్మిదో మెట్టు దాకా వినిపించింది.

దసరాకు వీరేశం తన ప్రకటనను వేరే వెబ్‌సైట్‌కు మార్చుకున్నాడు.

"బాయిలర్ వార్త బయటికి తియ్," అన్నాడు హరీష్. "జనానికి తెల్వాలె."

దేవిక నోట్‌బుక్ చూసి ఆ పేజీ తెరిచి ట్యాగు తీసేసింది. మర్నాడే అధికారికి మిల్లులో నల్లబడ్డ గోడ కనిపించింది. రిజిస్టర్‌లో పేరు కనిపించింది. మిల్లు హాజరు పుస్తకంలో సంతకాలు కూడా బయటపడ్డాయి. అనంతగిరిలో బోరు పక్కన బొంద తేలింది. దాని పక్కన గడ్డి, రోజూ ఒక మనిషి కూర్చున్నంత మేర అణిగి ఉంది.

శుక్రవారం అధికారి ఫోన్ చేశాడు.

"కాయితం తయారైంది మేడం. భార్య వేలిముద్ర పడాలె. ఇంటికి పోతే తలుపు తీసే ఉన్నది, పొయ్యి మీద బువ్వ ఉడుకుతున్నది, మనిషి మాత్రం కనవడ్తలేదు. మీకేమన్న ఎరుకనా? వచ్చే శుక్రవారం కల్లా పడకుంటే ఫైలు మూసుడే."

దేవిక తాను ట్యాగు పెట్టిన ఆ చిన్న పేజీ కోసం ఆరు రోజులు వెతికింది. నాగరాణి పేరును తనకు తోచిన అన్ని రకాలుగా కొట్టి చూసింది. ఏడో రోజు ఫైలు మూసేశారు.

ఆ సాయంత్రం హరీష్ దాన్ని వార్త చేయమన్నాడు. "బాయిలర్ మృతుడి భార్య అదృశ్యం" అని దేవిక శీర్షిక పెట్టింది. అరవై అక్షరాల్లోపే. వివరణలో ఊరి పేరు, మిల్లు పేరు, నాగరాణి పేరు వచ్చేలా చూసుకుంది.

ఇప్పుడు నాగరాణి అని ఎవరు వెతికినా మొదట ఆ వార్తే వస్తుంది.