చేపల పని

బ్యాంకువాళ్లొచ్చే రోజు ఆ అద్దకం ఫ్యాక్టరీలో రంగుల పని ఆపేసి చేపల పని పెట్టుకుంటారు. మురికినీళ్లు శుద్ధి చేయాల్సిన తొట్టిని కడిగి, ట్యాంకరుతో మంచినీళ్లు నింపి, బజారులో కొన్న బతికున్న చేపల్ని వదులుతారు. ఎంత కడిగినా సిమెంటు పీల్చుకున్న రంగు ఊరుకోదు. చేపలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలుతుంటాయి. తేలినదాన్ని తేలినట్టే వలతో తీసి గోనెపట్టా కింద దాచడం తొట్లు కడిగే ఆమె పని. పొద్దుటినుంచీ వంగి వంగి ఆమె నడుం పడిపోయింది.

కేంద్ర బ్యాంకు చట్టం మారాక మొదలైంది ఈ భాగోతమంతా. నీటినీ గాలినీ పాడుచేసేవాళ్లకు ఏ బ్యాంకూ అప్పివ్వకూడదు. ఇచ్చేముందు అధికారి స్వయంగా వచ్చి చూడాలి, పక్కన బతికేవాళ్లలో ఒకరినైనా అడగాలి. మంచి చట్టమే. డబ్బున్నవాడికి చట్టం చుట్టమని మాత్రం ఊరికే అనలేదు.

ఆ ఒకరిగా మేనేజరు ఆమెనే ఏర్పాటు చేశాడు. ఆమె ఇల్లు ఫ్యాక్టరీ వెనకే. మొగుడు బాయిలరు దగ్గర పనివాడు.

“అంతా బాగుందండీ అను, చాలు. అప్పు రాకపోతే ఫ్యాక్టరీ మూతే. నీ మొగుడితో సహా అందరూ రోడ్డున పడతారు.”

“ఆ డబ్బుతో నీళ్లు బాగుచేసే మిషను పెడతారాండీ?”

“మిషనా? ఇంకో షెడ్డు వేస్తాం. నీకెందుకివన్నీ?”

ఇంట్లో కూతురు ఒళ్లంతా పుళ్లతో చాప మీద పడి ఉంది. ఫ్యాక్టరీ మురికి ఊరిన పెరటి బావి నీళ్లే పోసి, ఆ చేత్తోనే మందు రాస్తోంది ఆమె. వేరే నీళ్లు లేవు.

“ఈ ఒక్కసారికీ నోరు మూసుకోవే, దణ్ణం పెడతా,” అన్నాడు మొగుడు.

“పోయినసారీ ఇదేగా అన్నావు.”

అధికారి వచ్చాడు. చేపల్ని చూసి ముచ్చటపడి ఫొటో తీసుకున్నాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే తీసుకున్నాడు.

“ఏమ్మా, పక్కనే ఉంటావటగా? నీళ్లకేం ఇబ్బంది లేదుగా?” జవాబు ముందే తెలిసినవాడిలా అడిగాడు.

మేనేజరు దగ్గాడు. మొగుడు బాయిలరు గదిలోంచి తొంగిచూసి చేతులు జోడించాడు. ఆ చేతులు చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది. రేపు పొయ్యి ఎలా వెలుగుతుందో ఆమెకూ తెలియదు.

“ఉందండీ,” అంది. “రండి, మా పిల్లను చూద్దురుగాని.”

వెళ్లి వెనక గేటు తీసి పట్టుకుంది. అక్కణ్ణించి ఇల్లు కనబడుతూనే ఉంది. అధికారి మేనేజరు వైపు చూశాడు. ఆమె గేటు వదల్లేదు. అధికారి ఇంకా కదల్లేదు.