తెర వెనక కుట్టుమిషన్

మా ఆయన జన్మలో ముందుచూపుతో చేసిన పని ఒకే ఒక్కటి. దాంతోనే మా కొంప మునగబోయింది.

మాది టైలరింగ్ షాపు. ముందు బల్ల దగ్గర నిలబడి ఆయన కొలతలు తీసుకుంటాడు, గుడ్డ కత్తిరిస్తాడు. తెర వెనక కూర్చుని నేను కుడతాను. బోర్డు మీద పేరు ఆయనదే, మెచ్చుకోళ్లూ ఆయనకే. ఒక స్కూలు యూనిఫాంలకని అప్పుచేసి తానుల కొద్దీ గుడ్డ తెచ్చాడు. గుడ్డ వచ్చింది గానీ స్కూలు మూతపడింది. అప్పులవాళ్లు మాత్రం బడికొచ్చినట్టు రోజూ ఠంచనుగా వచ్చేవారు.

దివాలా తీస్తే ఇంట్లో చెంచా కూడా మిగల్చరని ఈయనకెవరో చెప్పారట. నాతో మాటమాత్రమైనా అనకుండా, కుట్టుమిషన్‌ని మా తమ్ముడికి అమ్మేసినట్టు కాగితం రాసి, బండెక్కించి పంపేశాడు.

"ఇక అది అప్పులవాళ్లకి దొరకదు" అన్నాడు.

నాకూ దొరకలేదు. కుట్టు ఆగిపోయింది. ఆ మిషన్ తిరిగి రాకపోతే మా పొయ్యి వెలగదు.

ఇలా కాదని ఆయన్ని కోర్టు వెనక ఉన్న ఉచిత న్యాయసహాయ కేంద్రానికి లాక్కెళ్లాను. కాలు విరిగిన కుర్చీని గోడకి ఆనించి మమ్మల్ని బెంచీ మీద కూర్చోమంది లాయరమ్మ. అప్పుల చిట్టా అంతా ఓపిగ్గా విన్నది.

"ముందు అప్పులిచ్చినవాళ్లతో మాట్లాడి వాయిదాలకి ఒప్పిద్దాం. మీ రాబడి అందుకు సరిపోకపోతే దివాలా పిటిషన్ వేద్దాం."

"అది వేస్తే పరువు పోదా మేడమ్?" అన్నాడు మా ఆయన.

"పరువుని జప్తు చెయ్యరండీ. ఆస్తుల పట్టికలో దానికి గడి లేదు. మీ వృత్తి పనిముట్ల జోలికీ రారు. కుట్టుమిషన్ మీ దగ్గరే ఉంటుంది."

మా ఆయన ఫ్యాను వంక చూశాడు. అది తిరగడం లేదు. చెప్పాల్సింది నేనే చెప్పాను.

లాయరమ్మ కలానికి మూత పెట్టింది. "ఎవరూ తీసుకోలేనిదాన్ని మీరే ఇచ్చేశారన్నమాట. డబ్బు తీసుకున్నారా?"

"సొంత బావమరిది దగ్గర ఎలా తీసుకుంటాను మేడమ్?"

"ఆస్తి దాచారనుకుంటుంది కోర్టు. ఇంతకీ మీ బావమరిది ఏం చేస్తుంటారు?"

"అప్పులు" అన్నాను.

"అయితే ఆయన అప్పులవాళ్లు దాన్ని పట్టుకుపోవచ్చు. ఆయన టైలరు కాదుగా." కొత్త కాగితం ముందుకి లాక్కుంది. "మిషన్ ఎప్పుడు కొన్నారు?"

"మా పెళ్లికి ముందు" అన్నాడు ఆయన.

"మీరేనా కొన్నది?"

మళ్లీ ఫ్యాను వంక చూశాడు.

"నేను కొన్నాను. వీధిలోవాళ్ల జాకెట్లు కుట్టి" అన్నాను. "మిషన్ అమ్మిన కొట్టతను ఇప్పటికీ ఉన్నాడు, అడగండి."

"అతన్ని సాక్ష్యానికి పిలుద్దాం. మీ ఆయనది కానప్పుడు ఆయన రాసిచ్చిన కాగితం నిలవదు. కానీ జరిగిందంతా దాచకుండా పిటిషన్‌లో రాయాలి. ఆయనే చెప్పాలి. మిషన్ ఎవరిదండీ?"

"ఇంట్లోదే కదా మేడమ్."

"ఇల్లు కుట్టదు కదండీ."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆవిడది. కుట్టేదీ ఆవిడే. నేను కత్తిరిస్తానంతే."

నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది. ఇన్నేళ్లుగా ఆ ముక్క ఏ ఒక్కరితోనూ అనలేదు ఆయన.

"మరి మీ పనిముట్లు?" అంది లాయరమ్మ, కలం మూత తీస్తూ.

"కత్తెర, టేపు."

రాసుకుంది.

అటునుంచటే మా తమ్ముడింటికి వెళ్లాం. మిషన్ మీద టీవీ పెట్టుకుని చూస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

"బావ నాకు రాసిచ్చేశాడక్కా. మొన్న ఒకాయన బేరం కూడా అడిగాడు" అన్నాడు.

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఈలోగా మా ఆయన టీవీ ఎత్తి మంచం మీద పెట్టాడు.

"నాది కానిది రాసిచ్చానురా. ఇది మీ అక్కది. లాయరమ్మ ముందు ఒప్పుకునే వచ్చాను. నువ్వు రెండో పక్క పట్టుకో."

వాడు నా మొహం చూశాడు. నేను వాడి మొహమే చూస్తున్నాను. గొణుక్కుంటూనే పట్టుకున్నాడు.

షాపుకి తెచ్చాక మిషన్‌ని తెర వెనక్కి తోయబోయాను. మా ఆయన ఆగమన్నాడు. బల్ల మీదున్న తన వృత్తి పనిముట్టు తీసుకుని, పైనుంచి కిందికి తెర కత్తిరించేశాడు.