సగంలో వెళ్లిన బొమ్మ

ఒహాయో నది ఊరి మీద పడిన పెద్ద వరద తర్వాత పదకొండో ఏడది. రేవులో పడవ నడిపే డెల్బర్ట్ ధైర్యం కూడగట్టుకుని, కాఫీ కొట్టు నడిపే వెర్నాను పెళ్లికి అడిగాడు. ఒక మొగుణ్ణి మట్టికి సాగనంపిన మనిషి కదా, ఆమె తొందరపడలేదు.

"టాకీసులో ఒకే టిక్కెట్టు మీద రెండు హాలీవుడ్ బొమ్మలాడుతున్నాయి. చూసిరా. ఏది నచ్చిందో చెప్పు. అప్పుడు చెబుతా నా మాట," అంది.

ఆ రెంటిలో, మొగుడు యుద్ధం నుంచి తిరిగిరాని రొట్టెల కొట్టావిడ కథంటే వెర్నాకు ప్రాణం. సొంత తమ్ముణ్ణి జైలుకు పంపిన జడ్జి కథంటే ఆమె తమ్ముడు, మంగలి క్లైడ్‌కు ప్రాణం. ఒకటి మెచ్చుకుంటే రెండోవాళ్లతో తంటా. డెల్బర్ట్‌కు అదే దిగులు.

ఆ ఊళ్లో వేళ చూసుకుని బొమ్మకు వెళ్లేవాళ్లు లేరు. బొమ్మలు పొద్దస్తమానం తిరిగి తిరిగి ఆడుతూనే ఉంటాయి; తీరినప్పుడు దూరడం, తాము వచ్చిన చోటు మళ్లీ రాగానే లేచి వచ్చేయడం. డెల్బర్టూ సగంలోనే దూరాడు. రొట్టెలావిడ చివరికి కొట్టుకు తాళమేసి రైలెక్కింది. తర్వాత వార్తలు, కుందేలు కార్టూను, తెర మీద ఏవో అక్షరాలు. కూడబలుక్కుని చదివేలోగా అవి పోయాయి. రైలు ఆగింది. జడ్జి దిగాడు. ఆ కథ ముగిసేదాకా చూసి, పడవకు వేళైందని డెల్బర్ట్ లేచి వచ్చేశాడు.

సాయంత్రం కొట్లో క్లైడ్ కాఫీ తాగుతున్నాడు.

"రావయ్యా బావా! ఇంకా కాలేదులే, ఊరికే పిలిచా. ఏది బాగుంది?"

"బాగుంది," అన్నాడు డెల్బర్ట్.

"ఏదయ్యా?" అంది వెర్నా.

"బొమ్మే. కానీ రైలెక్కింది ఆవిడ, దిగింది జడ్జి. ఆవిడేమైందో చూపించలేదు. కోర్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆవిడే అనుకున్నా."

క్లైడ్‌కు కాఫీ ముక్కులోంచి వచ్చింది. "ఓరి నాయనో! రెండిటినీ కలిపి ఒకటి చేశావా! అక్కా, ఈ మనిషినా నువ్వు చేసుకునేది?"

డెల్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి గుమ్మం వైపు నడిచాడు.

"కూర్చో," అంది వెర్నా. "ఆవిడ కోసం చివరిదాకా చూశావా?"

"ఇప్పుడూ చూస్తున్నా. తాళమేశాక మళ్లీ ఓసారి లాగి చూసుకుంది, అది బాగుంది. జడ్జి తీర్పు చెప్పి, తమ్ముడి చొక్కా గుండీ పెట్టాడు, అదీ బాగుంది. రెండైతే రెండూ బాగున్నాయి. ఒకటి తీసెయ్యమంటే నావల్ల కాదు."

క్లైడ్ ఈసారి నవ్వలేదు. వెర్నా తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది.

"రేపు నాతో రా, మొదటినుంచీ చూద్దాం. పెళ్లయ్యాక కూడా ఇలా సగంలో దూరావంటే ఊరుకోను."

'పెళ్లయ్యాక' అన్న మాట రేవుదాకా నడిచాక గానీ డెల్బర్ట్ బుర్రకెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, పడవను గట్టుకు కట్టేసి, టాకీసు మెట్ల మీద కూర్చున్నాడు. లోపల ఇంకా ఊడుస్తున్నారు. పక్కన ఇంకెవరూ కూర్చోకుండా కోటు విప్పి పరిచాడు.