థిన్నర్ ఆరకముందు

నాకు కోపమెక్కువ. ఆ పొద్దు పొద్దున్నించే మండిపోతాండా. పెనుకొండలో గంగులమ్మవ్వ కొత్తింట్లో పూజగది తలుపులకు మెరుపొచ్చే లాకర్ పాలిష్ కొట్టాల, మర్నాడే గృహప్రవేశం. బయట చూస్తే దుమ్ముగాలి. తడి పాలిష్ మీద ఇసక రేణువు పడిందంటే చేసిన పనంతా గంగపాలే.

"కిటికీలు తెరిచిపెట్టి కొట్టు షాకిర్, ఆ ఆవిరి మంచిది కాదు" అని మా నాయన చెప్పీ చెప్పీ అలిసిపోయినాడు. నేను వింటేనా? దుమ్ముకు భయపడి కిటికీలన్నీ మూసేసినా. లాకర్ పల్చనయ్యేదానికి సగానికి సగం థిన్నర్ పోసి పుల్లతో ఎత్తి చూసినా, నీళ్ళ మాదిరి జారింది. స్ప్రే గన్నుతో కొడితే తలుపు అద్దమై కూర్చునింది. పనితనమంటే ఇదీ అని నన్ను నేనే మెచ్చుకున్నా. మధ్యలో గన్ను మూత వదులై, లాకర్ కారి చొక్కా అంతా తడిసినా పట్టించుకోలా.

గన్నుకు గాలి కొట్టే కంప్రెసర్ ఆపి తిరిగి చూస్తే నడవలో గంగులమ్మవ్వ. చేతిలో హారతి పళ్ళెం, కర్పూరం మండుతాండాది. శుక్రవారం కదా, కొత్త దేవుని గదికి మొదటి హారతి తనే ఇయ్యాలంట.

నా పైప్రాణాలు పైనే పోయినాయి. గదినిండా థిన్నర్ ఆవిరి. ఎదురుపోయి పళ్ళెం లాక్కుందామంటే ముందు నా చొక్కానే అంటుకుంటాది. ఇంకో దోవ లేదు.

"అవ్వా, ఆడే నిలబడు."

"హారతి వెలిగించినాక నిలపకూడదప్పా" అంటా ఇంకో అడుగేసింది.

"వస్తే ఇద్దరం కాలిపోతాం అవ్వా. ఈడ గాలే అంటుకుంటాది. ఇంట్లో నాకు ఇద్దరు ఆడబిడ్డలుండారు."

నిలబడింది. నా మొగం చూసి బెదిరిపోయింది. చేతిలో పళ్ళెం వాలింది, మండే కర్పూరం అంచుకు జారుతాండాది. నోటితో ఊదితే ఆరిపోయేదే. హారతిని ఊదకూడదు కదా, అరచేత్తో మూసేసింది.

కిటికీలు తెరిచి, చొక్కా పెరట్లో పారేసి, చేతులు సబ్బుతో రుద్దుకోని వచ్చి ఆయమ్మ చేతిమీద నీళ్ళు పోసినా. అరచెయ్యి బొబ్బలెక్కింది. చూడలేకపోయినా.

"తప్పు నాదేలే నాయనా, పని జరిగేతావుకు అడక్కుండా వచ్చినా" అనింది.

కిటికీలు మూసింది నేను అవ్వా అని చెప్పాల. ఊరందరి మీదా నోరు పారేసుకునేవాన్ని, ఆ ఒక్క మాటకు నోరు రాలా. ఇప్పటికీ చెప్పలా.