మూడో నొక్కు

పంపు సీసాలోంచి మూడో నొక్కు జెల్ కూడా తొడకు రాసుకుని, అది ఆరేదాకా నైటీ ఎత్తిపట్టుకుని వంటగదిలో నిలబడింది మాక్సీన్. యాభై మూడేళ్లు వచ్చాక ఇదొక కొత్త ఉద్యోగం. పాత ఉద్యోగం బస్సు నడపడం. ఇంగ్లండులో హాలిఫాక్స్ కొండదారుల్లో తెల్లవారుజాము తొలి బస్సు ఆమెదే.

ముట్లు ఆగిపోతున్నప్పటినుంచి ఒళ్లు కుంపటైంది, కంటికి కునుకు కరువైంది. డాక్టరమ్మ హార్మోన్ జెల్ రాసిచ్చింది. రెండు నొక్కులకు మంటలు లొంగలేదు, మూడింటికి లొంగాయి. దానికి జోడుగా రాత్రిపూట మింగాల్సిన బిళ్లలు మాత్రం తెల్లారినా కళ్లమీదే కూర్చునేవి. అందుకని డ్యూటీ ఉన్న రాత్రులు వాటిని ఎగ్గొట్టింది. కొన్నాళ్లకు మళ్లీ రక్తం కనపడింది.

"గర్భసంచి ఉన్నవాళ్లు జెల్ ఒక్కటే వాడకూడదమ్మా, లోపలి పొర మందమై కాన్సర్‌దాకా పోవచ్చు. ఈసారికి స్కాన్‌లో ఏమీ లేదు. మోతాదు కుదరడానికి కొన్ని నెలలు పడుతుంది, ఓపిక పట్టు," అంది డాక్టరమ్మ.

ఓపికకేం, ఉంది. లేనిది మధ్యాహ్నం డ్యూటీ.

"వేసవిదాకా ఖాళీ లేదు మాక్సీన్," అన్నాడు డిపోలో డ్యూటీలు వేసే క్లైవ్. "మా ఆవిడ ఏ మందూ లేకుండానే గట్టెక్కిందిగా."

"మీ ఆవిడ వెనకాల నలభైమందిని కూర్చోబెట్టుకుని గట్టెక్కలేదుగా," అంది.

నిన్న రాత్రి బుద్ధిగా బిళ్లలు మింగింది. ఇవాళ బడివేళ ట్రిప్పులో ఒక స్టాపులో ఉన్ని కార్డిగన్ తీసేసింది, తరవాతి స్టాపులో చలేసి తొడుక్కుంది, ఆపైన మళ్లీ లాగేసి సీటు వెనక తగిలించింది. ముందు సీటు ముసలమ్మ మిసెస్ ఒగ్డెన్ చూసి చూసి విసిగిపోయింది.

"తొడుక్కుంటావో, తీసేస్తావో తేల్చుకో తల్లీ! చూడలేక నాకు చెమటలు పడుతున్నాయి."

మార్కెట్ దాటాక ఎడమకు తిరగాలి. బస్సు నేరుగా కొండెక్కింది. మూతపడ్డ మిల్లు గేటు ఎదురయ్యాకగానీ మాక్సీన్‌కు తెలివి రాలేదు. ఈ దారిలో బస్సులు తిరగడం మానేసి ఏళ్లయింది. వెనక జనమంతా కిక్కురుమనకుండా కూర్చున్నారు. ఆ ఊరివాళ్లంతే, ఇల్లు తగలబడుతున్నా పక్కింటివాళ్ల నిద్ర చెడుతుందని గుసగుసగా కేకలేస్తారు.

"ఒక్కరైనా చెప్పొచ్చుగా!"

"నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నాం," అంది మిసెస్ ఒగ్డెన్. "అయినా మా ఆయన పనిచేసిన మిల్లు చూసి ఎన్నాళ్లయిందో. మంచి పనే చేశావు తల్లీ."

అందరూ నవ్వారు. మాక్సీన్ కూడా నవ్వింది. అంతలో దారిలోని బడి గుర్తొచ్చింది. బడి ముందు పిల్లలు రోడ్డు దాటే చోటు ఉంది. అక్కడ ఆగిందో లేదో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

ఇంజను కట్టేసి డిపోకు ఫోన్ చేసింది.

"ఇంకో డ్రైవర్ని పంపు క్లైవ్."

"ఇవాళ్టికేనా?"

"మందు మానితే నిద్ర ఉండదు. వాడితే తెలివి ఉండటం లేదు. మోతాదు కుదిరేదాకా మీరాగరు, రోడ్డు దాటే పిల్లలు అసలే ఆగరు. ఇక నేను నడపను."

ఆ సీటంటే ఆమెకు ప్రాణం. ఇద్దరు పిల్లల్ని దాని మీద కూర్చునే పెంచింది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. కొత్త డ్రైవరు రాగానే తాళం అతని చేతిలో పెట్టి, మిసెస్ ఒగ్డెన్ భుజం తట్టి, చలిగాలిలో కొండ దిగి వెళ్లిపోయింది.

అతను బస్సు వెనక్కి తిప్పాడు. అతని వీపు వెనక ఊదారంగు కార్డిగన్ వేలాడుతూనే ఉంది, ఒక చెయ్యి తిరగబడి.